దానియేలు గారు చదివి వినిపించిన కాగితం

మొన్న బ్యాంకులో నా పక్కన ఒక ముసలావిడ బొటనవేలిని ఆమె కొడుకు పట్టుకుని ఇంకుప్యాడ్ మీద ఒత్తించాడు. సరిగ్గా అలాగే ఒకప్పుడు మా అమ్మ వేలిని నేనూ ఒత్తించాను. భిలాయి ఉక్కు ప్లాంటు కొత్తగా లేస్తున్న రోజులవి. రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా ఒళ్లు హూనం చేసుకుని మా నాన్న ఆ పక్కనే దుర్గ్‌లో ఒక పెంకుటిల్లు కొని, అమ్మ పేరున పెట్టి పోయాడు. నేను ప్లాంటులో చిన్న చిన్న వెల్డింగ్ కాంట్రాక్టులు పట్టేవాణ్ణి. మిషన్లు కొనడానికి ఆ ఇంటిని వడ్డీ వ్యాపారం చేసే ఒక సేఠ్ దగ్గర తాకట్టు పెట్టాను. హిందీలో రాసిన ఆ కాగితం ఏమిటని అమ్మ అడిగితే, మునిసిపాలిటీ పన్ను కాగితమన్నాను.

రెండేళ్లకు వడ్డీ మెడకు చుట్టుకుంది. నెలలోగా తీర్చకపోతే ఇల్లు రాయించుకుంటానన్నాడు సేఠ్. తక్కువ వడ్డీకి ఒక సహకార బ్యాంకు ఒప్పుకుంది. ఆ డబ్బుతో సేఠ్‌ను వదిలించుకుని ఇంటిని బ్యాంకుకు తాకట్టు పెట్టాలి. ఆ పని కోసమే వకీలు దానియేలు గారి దగ్గరికి వెళ్లాను. విజయనగరం వైపు నుంచి వచ్చిన రైల్వే కుటుంబం వారిది. సన్నటి మనిషి, నలిగిన నల్లకోటు. క్రయపత్రం, పన్ను రసీదులు, సేఠ్ ఇచ్చిన బాకీ చీటీ అన్నీ వరుసగా పేర్చి ఇచ్చాను. మెచ్చుకుంటారనుకున్నాను.

"కాయితాలన్నీ బాగానే తెచ్చావు బావూ. ఇల్లుగలావిడ ఏరీ?" అన్నారు.

"అమ్మకు హిందీ రాదండీ. అంతా నేను చెప్పేశాను. వేలిముద్ర వేయించి తెస్తాను."

"నువ్వు సెప్పావో లేదో నాకేటి తెలుస్తాది? నేనే వచ్చి సదువుతాను."

ఆదివారం చర్చి అవగానే సైకిల్ మీద వచ్చారు. అమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, తాను పీట మీద కూర్చుని, బ్యాంకు తాకట్టు పత్రాన్ని ఒక్కొక్క వాక్యం తెలుగు చేసి చదివారు. 'ఇదివరకే సేఠ్ గారికి తాకట్టులో ఉన్న ఇల్లు' అన్న చోట అమ్మ చేయెత్తి ఆపింది.

"ఆ ముక్క మళ్లీ సదవండి బాబూ."

ఆయన మళ్లీ చదివారు. అమ్మ నా వైపు తిరిగింది. "పన్ను కాయితం అన్నావు గదరా?"

సిగ్గుమాలినవాణ్ణి, అప్పుడు కూడా నా కోపం దానియేలు గారి మీదకే పోయింది. నేను ఇంకుప్యాడ్ ముందుకు జరిపితే ఆయన మూత పెట్టేశారు. "ఇయ్యాల ఒద్దు. ఆవిణ్ణి ఆలోసించుకోనీ."

"గడువు పది రోజులే ఉందండీ! ఇల్లు పోతుంది!" అని అరిచాను.

"పోతే ఆవిడ ఇల్లు పోతాది. అందుకే ఆవిణ్ణి అడుగుతున్నాను" అన్నారు.

ఆ తర్వాత అమ్మ నాతో మాట్లాడలేదు. రోజూ మధ్యాహ్నం వకీలు గారింటికి వెళ్లొచ్చేది. నా మీద చాడీలు చెప్పుకుంటోందనుకున్నాను. ఎనిమిదో రోజున తనే పద అంది. రిజిస్ట్రారు ఆఫీసులో నేను అలవాటుగా ఆమె వేలు పట్టుకోబోయాను. చేయి వెనక్కి లాక్కుని, దానియేలు గారిని కలం అడిగింది.

"ఏలయితే నువ్వట్టుకుని ఒత్తించేసినావు. పేరయితే నానే రాయాల గదా."

వకీలు గారి భార్య దగ్గర అన్ని రోజులూ అక్షరాలు దిద్దుకుందట. నన్ను దూరంగా నిలబడమని, చెమటలు కక్కుతూ, 'నరసమ్మ' అని రాసింది.

ఇల్లు దక్కింది. దానియేలు గారు నాకు ఒక్క నీతి వాక్యమైనా చెప్పలేదు. ఆయన పోయి చాలా ఏళ్లయినా, ఎవరిచేతనైనా సంతకం పెట్టించాల్సి వస్తే పీట మీద కూర్చున్న ఆ మనిషి గుర్తొచ్చి, మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపిస్తాను. అలా చేసినా ఆ సిగ్గు పోలేదు. అమ్మ ఇంకా పదకొండేళ్లు బతికింది. నేను పెట్టిన అన్నం తింది, నా చేయి పట్టుకుని ఆసుపత్రికి నడిచింది. కాగితమంటూ ఏదొచ్చినా, చివరికి ఊరి నుంచి తన చెల్లెలు రాయించిన ఉత్తరమైనా సరే, కొంగున దోపుకుని దానియేలు గారింటికి తీసుకెళ్లి చదివించుకునేది. చదువుకున్న కొడుకుని, నేను అప్పుడు ఇంట్లోనే ఉండేవాణ్ణి.