అందరినీ అనుమానించిన మా హాస్టల్ ఆంటీ

మా హాస్టల్ ఆంటీ పోయారని పోయిన వారం పాత హాస్టల్ గ్రూపులో ఎవరో మెసేజ్ పెట్టారు. నేను నమ్మలేదు. ఆ నంబరు నా ఫోనులో లేదు, పేరు ఉండాల్సిన చోట గులాబీ పువ్వు ఉంది. రెండుసార్లు చదివి, ఆవిడ ఇంటికే ఫోన్ చేశాను. కోడలు ఎత్తింది. "నిజమే అక్కా. పొద్దుగాల చాయ్ తాగుకుంటనే గుండె పట్టుకుంది. దవాఖానకు తీస్కపొయ్యే లోపలే అయిపోయింది" అంది. అప్పుడు నమ్మి, ఆఫీసు మెట్ల మీదే కూలబడి ఏడ్చాను. రాసింది నమ్మకుండా మనిషి గొంతు వినమని నాకు నేర్పింది ఆవిడే.

గచ్చిబౌలిలో మెయిన్ రోడ్డు వెనక సందులో ఆవిడది మూడంతస్తుల లేడీస్ హాస్టల్. ఆవిడ ఇక్కడి ఊరి మనిషి. చిన్నప్పుడు మేకలు కాసిన బండల మీదే ఈ అద్దాల బిల్డింగులన్నీ లేచాయని చెప్పేవారు. ఆ బిల్డింగుల మీద కూడా ఆవిడకు అనుమానమే. పాల ప్యాకెట్టు వాసన చూడందే గడప దాటనిచ్చేవారు కాదు. నీళ్ల క్యాను మూత తిప్పి చూసేవారు. సీసీ కెమెరా బిగించిన మనిషి వాలకం నచ్చక దాని వైరు పీకేసి, సరిగ్గా దాని కిందే ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నారు. "అది సూస్తది గని, దానికేమర్థమైతది?" అనేవారు. ఆ కుర్చీ దాటి బయటికి వెళ్లాలంటే ఎక్కడికో, ఎవరితోనో చెప్పాల్సిందే. మాకందరికీ ఒళ్లు మండేది. మాది భీమవరం. గుమ్మంలోకి వచ్చిన మనిషిని మొహం మీదే అనుమానించడం మా ఇంట్లో మర్యాద కాదు.

మా చెల్లి డిగ్రీ అవగానే ఉద్యోగం వచ్చి నా గదిలోకే చేరింది. ముగ్గురుండే గది. మూడో అమ్మాయిది కరీంనగర్. నెల తిరిగేసరికి వాళ్లిద్దరూ ఒకళ్ల బట్టలు ఒకళ్లు వేసుకునేంత స్నేహితులయ్యారు. ఆ తర్వాత చెల్లి ఆఫీసులో పనిచేసే ఒక కుర్రాడు దాని జీవితంలోకి వచ్చాడు. చెప్పాలంటే, ముందు నన్ను మచ్చిక చేసుకున్నాడు. నోరారా అక్కా అని పిలిచేవాడు. "తిన్నదా అక్కా?", "బయల్దేరిందా అక్కా?" అని మెసేజ్ పెట్టేవాడు. నేను ఓపిగ్గా జవాబిచ్చేదాన్ని. ఇంత శ్రద్ధ ఉన్న పిల్లాడు దొరకడం మా అదృష్టం అనుకున్నాను. నాది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. పొద్దస్తమానం తప్పులు వెతికినందుకే నాకు జీతమిస్తారు.

ఒకరోజు ఆంటీ పప్పు ఏరుతూ నన్ను పిలిచారు.

"మీ చెల్లె పళ్లెం ఎవలికి సూపెడ్తది?"

"ఏంటాంటీ?"

"తినే ముంగట ఫొటో తీస్తది. తీసి కూసుంటది. ఫోను మోగినంకనే చెయ్యి కలుపుతది. ఇయ్యాల ఇడ్లీలు రాళ్లయినయ్, గప్పటిదాంక కూసుంది. గదేం పద్ధతి?"

ఈ కాలం పిల్లలంతా ఫొటోలు తీస్తారాంటీ అని నవ్వేశాను. ఆవిడ నవ్వలేదు. పప్పులోంచి రాయి తీసి పక్కన పెట్టి, నా మొహంలోకి అలాగే చూశారు.

తర్వాత చెల్లి, కరీంనగర్ అమ్మాయి కలిసి బట్టలు కొనుక్కోవడానికి కూకట్‌పల్లి వెళ్లారు. అతనికి చెప్పకుండా వెళ్లింది చెల్లి. అరగంటలో అతను ఆ షాపు ముందు నిలబడి ఉన్నాడు. నలుగురిలో నానా మాటలూ అని, చెయ్యి పట్టి లాక్కుని వెళ్లాడు. ఆ చెయ్యి పట్టిన సంగతి నాకు తర్వాతే తెలిసింది. సాయంత్రం చెల్లి వచ్చి "నువ్వే చెప్పావు, నువ్వు తప్ప ఎవరున్నారు?" అని ఆ అమ్మాయి మీద విరుచుకుపడింది. ఆ అమ్మాయి ఏడ్చి ఏడ్చి, రెండు రోజుల్లో వేరే హాస్టల్‌కి వెళ్లిపోయింది.

చెల్లి మణికట్టు ఇంకా కమిలిపోయే ఉంది. మెట్రోలో తలుపు తగిలిందంది. నేను నమ్మాను. ఆంటీ నన్ను వంటింట్లోకి పిలిచి తలుపు వేశారు.

"మెట్రో తలుపుకు నాలుగు వేళ్లుంటయా?"

నేను తలుపు గడియ తీయబోయాను.

"కూకట్‌పల్లి పోతున్నమని నాకు జెప్పిండ్రు, నీకు జెప్పిండ్రు. నేనెవలికి జెప్పలే. నువ్వు ఎవలి దిక్కు బిడ్డా?"

నా చెంప మీద కొట్టినట్టయింది. మీకేం హక్కుంది అని ఆవిడ మీద అరిచి గదిలోకి వచ్చేశాను. కానీ ఫోను తీసి, అతనికి నేను పంపిన మెసేజ్‌లు వెనక్కి వెనక్కి చదివాను. తిన్నది. పడుకుంది. పసుపు డ్రెస్ వేసుకుంది. కూకట్‌పల్లి వెళ్లింది. ఐదు నెలలుగా నా చెల్లెలి కదలికలన్నీ నా వేళ్లతో నేనే రాసి పంపాను. సిగ్గుతో చచ్చిపోయాను.

ఫోను తీసుకెళ్లి చెల్లికి చూపించాను. అది చాలాసేపు చదివింది.

"నువ్వా? నేను దాన్ని అనుమానించానక్కా. దాన్ని పోగొట్టుకున్నాను."

నేను కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. అది గోడ వైపు తిరిగి పడుకుంది. ఇక ఇక్కడ నాకంటూ ఎవరూ లేరు, అతని దగ్గరికే వెళ్లిపోతాను అంది. నార్సింగిలో అతనో ఫ్లాట్ చూసిపెట్టాడు. ఉద్యోగం కూడా మానేయమన్నాడట.

ఆదివారం మధ్యాహ్నం అతను కారుతో గేటు ముందుకొచ్చాడు. చెల్లి బ్యాగుతో కిందికి దిగింది. వెనకే నేను, అడ్డుపడే మొహం లేక. ఆంటీ కుర్చీలోంచి లేచి ఆపుతారనుకున్నాను. ఆపలేదు.

"పోతే పో బిడ్డ. నేనెవల్ని ఆపనీకె? గని ఇయ్యాల కూర వండిన. తిని పో. ఒక్కటే మాట. ఫొటో తీసి వానికి పంపకు. నిజంగ నీ మీద పాణమున్నోడైతె, ఫొటో లేకున్న తిన్నవని నమ్ముతడు. సూద్దాం."

చెల్లి కూర్చుంది. ఫోను బోర్లించి పెట్టింది. ఆంటీ పక్కనే కూర్చుని తానూ పెట్టుకుని తిన్నారు. రెండో ముద్దకే ఫోను మోగింది. ఆగి మళ్లీ మోగింది, మోగుతూనే ఉంది. ఆ తర్వాత కారు హారన్, ఆ తర్వాత గేటు మీద బాదుడు. చివరికి అతని నోటి నుంచి మా అమ్మను కూడా కలిపి తిట్లు. వీధిలో జనం ఆగారు. చెల్లి తింటూనే ఉంది. "నిదానంగ తిను, ఫికర్ చెయ్యకు. గేటుకు తాళమేసిన" అన్నారు ఆంటీ. పళ్లెం ఖాళీ అయ్యాక చెల్లి బ్యాగు తీసుకుని మెట్లెక్కి పైకి వెళ్లిపోయింది.

మర్నాడు పోలీసు స్టేషన్‌కి మాతో ఆంటీ వచ్చారు. అక్కడ కంప్లైంటు రాసుకున్న ఆయన్ని కూడా అనుమానించి, రాసింది రెండుసార్లు చదివించుకున్నారు.

చెల్లి బాగుపడింది. కరీంనగర్ అమ్మాయిని వెతుక్కుంటూ వెళ్లి తిరిగి కలుపుకుంది. నాతో మాత్రం మాట్లాడేది కానీ, ఎక్కడికి వెళ్తున్నదీ చెప్పేది కాదు. నేను ఆంటీ దగ్గర ఏడిస్తే, "నువ్వు చెడ్డదానివి గావు, నమ్మేదానివి. అది జెప్పేదాంక అడగకు. ఎన్నేండ్లయిన అడగకు" అన్నారు. రెండేళ్లుగా నేను అడగలేదు. ఇప్పుడు చెల్లి ఉండేది వేరే చోట. ఆ ఇల్లు నేను చూడలేదు.

ఆంటీని శ్మశానానికి తీసుకెళ్లిన రోజు ఆ సందంతా అమ్మాయిలే. ఎవరెవరో ఆఫీసు ట్యాగులు మెడలోంచి తియ్యకుండానే వచ్చేశారు. చెల్లి నా పక్కనే నిలబడింది, వెక్కి వెక్కి ఏడ్చింది. అంతా అయ్యాక ఆటో పిలుచుకుంది. జాగ్రత్త అని మాత్రం అన్నాను. ఆటో కదిలి, రెండు గజాలు పోయి ఆగింది. చెల్లి తల బయటపెట్టి, ఎక్కడికి వెళ్తోందో, ఎవరింటికో, ఎప్పుడు వస్తుందో నాకు చెప్పింది. చెప్పి, "ఎవరికీ చెప్పకక్కా" అంది.

మీకు కూడా చెప్పను. ఆటో సందు మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడ్డాను.