విమానమెక్కిన నలభై ఒకటో బిళ్ళ

1963 ఎండాకాలం. బెల్లంపల్లి దగ్గరి ఒక బొగ్గుగనిలో నేను డిస్పాచ్ గుమాస్తాను. గనికి వచ్చే ప్రతి ఉత్తరం, గని నుంచి పోయే ప్రతి పెట్టె నా రిజిస్టర్ దాటి పోవాల్సిందే. పెట్టె గేటు దాటగానే ఆ వరుస మీద ఎర్రగీత కొట్టేవాణ్ణి. అక్కడికి నా పని అయిపోయినట్టే. ఆ తర్వాత అది కలకత్తా చేరిందా, కాలువలో పడిందా అని అడిగితే నాకు కోపం వచ్చేది. మాది ఆసిఫాబాద్. మా అబ్బా అక్కడి కచేరీలో ఉర్దూ ఫైళ్లు రాసినవారు. కాగితాన్ని గౌరవించడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. మనుషుల్ని గౌరవించడం కొంచెం ఆలస్యంగా వచ్చింది. ఇంట్లో అడిగితే ఇంకా రాలేదనే అంటారు.

గని పద్ధతి తెలియనివారికి రెండు ముక్కలు చెప్పాలి. లోపలికి దిగే ప్రతివాడూ ముందు ల్యాంప్ రూమ్‌కి వస్తాడు. అక్కడ అతనికి దీపంతో పాటు నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ ఒకటి ఇస్తారు. అదే నంబరుది ఇంకో బిళ్ళ గోడ మీది బోర్డుకు వేలాడుతుంటుంది. పైకి వచ్చి తన బిళ్ళ ఇచ్చేస్తే రెండూ జత కలుస్తాయి. బోర్డు మీద ఒంటి బిళ్ళ ఉందంటే ఒక మనిషి ఇంకా భూమిలోనే ఉన్నాడన్నమాట. దిగేముందు జేబులు తడిమి బీడీలు, అగ్గిపెట్టెలు తీసేసుకుంటారు. గనిలో మండే గ్యాస్ ఉంటుంది కదా, ఒక్క నిప్పురవ్వ చాలు.

మా ల్యాంప్ రూమ్ ఓదెలుది. యాభై దాటిన మనిషి. ముప్ఫై ఏళ్లలో ఒక్క దీపం గాజు పగలగొట్టలేదని పేరు. మేనేజర్ దొర జేబులు కూడా వదిలేవాడు కాదు. ఒకసారి నన్ను తడిమి ముక్కుపొడుం డబ్బా తీసుకున్నాడు. పొడుం మండదయ్యా అంటే, మండేదీ మండనిదీ పైకొచ్చినంక మాట్లాడుకుందాం అన్నాడు.

ఆ ఏడు కలకత్తాలోని ఒక పరిశోధనశాల వాళ్లు మా గనిలో గాలిని పరీక్షించడానికి గ్యాస్ అనాలిసిస్ అపరేటస్ ఒకటి పంపారు. గాజు గొట్టాలు, రబ్బరు జాయింట్లు, అడుగున పాదరసం. ఆ పాదరసం పైకీ కిందికీ జరుగుతూ గొట్టంలోకి గాలిని పీలుస్తుంది. అందులో మండే గ్యాస్ ఎంతుందో గొట్టం మీది గీతలు చెబుతాయి. మూడో సెక్షన్‌లో గ్యాస్ హద్దు దాటిందని అది చూపించింది. గ్యాస్ ఉంటే జాలీ మూసిన దీపంలో మంట పొడుగవుతుంది; అక్కడ రోజూ పరీక్ష చేసే సర్దార్ల చేతుల్లోని దీపాలు మాత్రం ఏమీ లేదన్నాయి. ఆ దీపాలు ఓదెలు తుడిచి, నూనె పోసి ఇచ్చినవి. మేనేజర్ గారు మిషన్‌నే నమ్మారు. సెక్షన్ మూతపడింది. ఎనభై మంది ఇంటి దగ్గర కూర్చున్నారు. ఓదెలు కొడుకు పోశం కూడా వాళ్లలో ఒకడు.

ఇంతలో పరిశోధనశాల నుంచి ఉత్తరం వచ్చింది. అపరేటస్ తప్పు చూపిస్తున్నదేమోనని వాళ్లకూ అనుమానం. దాన్ని వెంటనే పంపితే తమ దగ్గరి ఇంకో దానితో పోల్చి చెబుతామన్నారు. సోమవారం గనుల ఇన్‌స్పెక్టర్ వస్తాడు. ఆలోగా తేలకపోతే మూడో సెక్షన్‌కు అడ్డంగా ఇటుక గోడ కట్టేయడమే. రైలు మీద పంపితే అందదు. అదృష్టవశాత్తు అడవుల ఫోటోలు తీసే సర్వే విమానం ఒకటి ఆదిలాబాద్‌లో ఉంది. నిజాం కాలం నాటి మైదానంలో దిగి, శుక్రవారం నాగపూర్ పోతుందట. పెట్టె అక్కడిదాకా పోతే చాలు, కలకత్తా విమానంలో వేయిస్తామని వాళ్ల ఆఫీసు ఒప్పుకుంది. విమానంలో ఏ ప్రమాదకరమైన సరుకు తేకూడదో చెప్పే నియమాల కాగితం కూడా మాకు పంపించింది.

ఆ కాగితం ఎక్కడ పోతుందోనని దాన్ని రిజిస్టర్‌లో బంక పూసి అతికించాను. మూల కూడా లేవకుండా నున్నగా అతికించాను. ఈ సంగతి గుర్తుంచుకోండి.

కాగితంలో ఉన్నదంతా మాకు తెలిసిన బెడదే. మండేవి, పేలేవి, స్పిరిట్, పెట్రోల్, గ్యాస్ నింపిన సీసాలు. గనిలో పనిచేసేవాడికి ప్రమాదమంటే నిప్పే. అపరేటస్ పక్కన ఉండే స్పిరిట్ దీపాన్ని తీయించాను, గొట్టాల్లో మండే గ్యాస్ మిగలకుండా చేయించాను, పెట్టెలో గడ్డికి బదులు దూది పెట్టించాను. ఆ పైన ఓదెలు వచ్చాడు.

"నేనే పట్టుకపోత సాబ్. నా దీపం అబద్ధమాడదు. గా సీసల మిషిను అబద్ధమాడిందని కలకత్తా వాళ్లే చెప్పాలె. నడిమిట్ల పలిగిందనుకో, ఓదెలే కావాలని పలగ్గొట్టిండంటరు."

గురువారం జీపులో బయల్దేరాం. నిర్మల్ ఘాట్ మలుపుల్లో నేను రెండుసార్లు కలిమా చదువుకున్నాను. ఓదెలు మాత్రం ఆ పెట్టెను ఒళ్లో పెట్టుకుని, కొత్త పెళ్లికూతుర్ని అత్తగారింటికి తీసుకుపోతున్నంత జాగ్రత్తగా కూర్చున్నాడు. ఇచ్చోడలో ఆగి, అతను తెచ్చిన జొన్నరొట్టెలు తిన్నాం. తిన్నాక తన సిల్వర్ టిఫిన్‌ను ఇసుకతో తళతళలాడేలా తోమాడు. మా వైపు అల్యూమినియాన్ని సిల్వర్ అనే అంటాం. నేను చాయ్ తాగి వచ్చేసరికి పెట్టె మూత తీసి లోపల ఏదో చేస్తున్నాడు. ఏమిటన్నాను. "ఏం లే సాబ్, జర సర్దుతున్న," అన్నాడు.

మరునాడు పొద్దున మైదానానికి వెళ్లాం. కావలివాడు కర్ర పట్టుకుని ఎద్దుల్ని తోలుతున్నాడు. విమానం చిన్నది, ఎండకు మెరుస్తోంది. పైలట్ ఆరడుగుల మనిషి, హిందీలో నవ్వుతూ పలకరించాడు. నేను నా డిక్లరేషన్ కాగితం మూడు ప్రతులు తీసేలోపే ఓదెలు ఆయన ముందుకు పోయి నిలబడ్డాడు.

"చేతులు జర లేపుండ్రి దొరా."

నాకు తల కొట్టేసినట్టయింది. తాతకు దగ్గులు నేర్పడమంటే ఇదే. కానీ ఓదెలు చేతులు అప్పటికే ఆయన జేబుల్లో ఉన్నాయి. సిగరెట్ పెట్టె, లైటర్ బయటికి వచ్చాయి. వాటిని తన సంచిలో వేసుకుని, నడుముకు కట్టిన మూటలోంచి ఒక ఇత్తడి బిళ్ళ తీసి పైలట్ చేతిలో పెట్టాడు. నంబర్ నలభై ఒకటి. దీని జత మా బోర్డు మీద ఉందని, నేల మీదికి దిగినంక ఈ బిళ్ళ పంపిస్తే లైటర్ పంపుతానని నా చేత హిందీలో చెప్పించాడు. పైలట్ పగలబడి నవ్వి, విమానంలో అందరి జేబులూ నేను చూస్తాను, నా జేబు చూసిన మొనగాణ్ణి ఇవాళే చూశాను అని బిళ్ళను చొక్కా జేబులో వేసుకున్నాడు.

ఆ నవ్వు చూసి నాకు ధైర్యం వచ్చింది. డిక్లరేషన్ చదివి వినిపించాను. మండేది లేదు, పేలేది లేదు, స్పిరిట్ లేదు, గ్యాస్ లేదు. ఆయన తలూపుతూ పెట్టె మూత తెరిచాడు. గాజు గొట్టం అడుగున తెల్లగా మెరుస్తున్నది ఏమిటని అడిగాడు.

పాదరసం అన్నాను. ఆయన నవ్వు పోయింది. రెండడుగులు వెనక్కి వేసి, ఆ లైటర్ వెలిగించుకుని అయినా పోతాను గానీ ఇది నా విమానం ఎక్కదు అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. ఇది మండదు, పేలదు, వాసన కూడా రాదు అని వాదించాను. మీరు పంపిన కాగితంలో దీని పేరే లేదు, కావాలంటే మా రిజిస్టర్ చూడండి అని గొంతు పెంచాను. విమానం ఒళ్లంతా అల్యూమినియం, పాదరసం బొట్టు పడితే దాన్ని తినేస్తుంది, పైనుంచి చూస్తే ఏమీ తెలియదు, ఒకనాడు గాల్లో ఉండగా విరుగుతుంది అని ఆయన ఓపిగ్గా చెప్పాడు. ఆ మాటలు ఓదెలుకు తెలుగులో చెప్పాను.

ఓదెలు విమానం రెక్క వైపు చాలాసేపు చూశాడు. "ఇది సిల్వర్‌దా?"

అవునన్నాను.

"మరి గింత పెద్ద టిఫిన్ల కూసొని పోతరా గీ దొర?" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఖాదర్ సాబ్, కోపం చెయ్యకుండ్రి. ఇచ్చోడల జాయింటు కాడ బొట్టు బొట్టు కారుతుండె. కారింది పెట్టెల పడొద్దని నా టిఫిన్ మూత కింద పెట్టిన," అన్నాడు.

దూది కింది నుంచి మూత బయటికి తీశాడు. ఇసుకతో తళతళలాడేలా తోమిన మూత మీద తెల్లటి బూజు మొలిచి ఉంది. రొట్టె బూజు పట్టినట్టు, వెంట్రుకల్లా నిలబడి ఉంది. ఓదెలు బొటనవేలితో కొంచెం నొక్కాడు. ఏళ్ల తరబడి తోమి తోమి పలుచబడిన మూత. వేలు అవతలికి పోయింది.

ముగ్గురం ఆ చిల్లు వైపే చూశాం. చిల్లులోంచి మైదానంలోని ఒక ఎద్దు కనబడుతోంది.

"ముప్పై ఏండ్లు అగ్గిని చూసి భయపడ్డ సాబ్," అన్నాడు ఓదెలు. "ఇది సల్లగనే తింటది గద."

నిజం చెబుతున్నాను. నేను రాసిన మూడు ప్రతుల కాగితంతో ఆ నవ్వే మనిషిని చంపబోయాను. అటు పెట్టె పోకపోతే సోమవారం గోడ లేస్తుంది. ఓదెలు చేతులు రెండూ పెట్టె మీదే ఉన్నాయి.

చివరికి దారి చెప్పింది పైలటే. పాదరసం మొత్తం తీసేస్తే వట్టి గాజు తీసుకుపోతాడట. పరిశోధనశాలలో పాదరసానికి కొదవా? పరీక్ష చేయాల్సింది గొట్టం మీది గీతల్నే కదా. కానీ దాన్ని ఎందులో పోయాలి? సిల్వర్ కాదు, ఇత్తడి కూడా పనికిరాదట. గాజు కావాలి. ఆ మైదానంలో ఉన్న గాజు సీసా ఒక్కటే, అది నా దవాతు. పరాయి సిరాతో సంతకం పెట్టని వంశం మాది. మా అబ్బా వాడిన సీసా అది, నిండా సిరా ఉంది. పైలట్ నన్ను చూశాడు, ఓదెలు నన్ను చూశాడు. సిరా అంతా ఆదిలాబాద్ నేల మీద పారబోశాను.

ఓదెలు పాదరసాన్ని ఒక్క బొట్టు కింద పడకుండా దవాతులోకి వంపాడు. తర్వాత తలరుమాలు చింపి, గొట్టం గొట్టం తుడిచి, ఎండకు ఎత్తి చూశాడు. మూడుసార్లు పైలట్ చాలన్నాడు. మూడుసార్లూ ఓదెలు జాయింట్ వంపులో ఆవగింజంత బొట్టు పట్టుకుని చూపించాడు. నాలుగోసారి పైలటే ఇంకోసారి తుడవమన్నాడు. పాదరసం తగిలిన దూది పారేసి, జీపులో ఉన్న గని రబ్బరు కోటులో గాజును చుట్టి, మిగిలిన దూదితో పెట్టె కట్టాం. కొత్త డిక్లరేషన్ రాద్దామంటే సిరా లేదు. జన్మలో మొదటిసారి ఆఫీసు కాగితం పెన్సిల్‌తో రాశాను. ఎద్దులు చెదిరాయి, విమానం లేచింది.

గనికి వచ్చాక రిజిస్టర్ తెరిచి, అతికించిన కాగితాన్ని తడిగుడ్డతో నానబెట్టి లేపాను. వెనకవైపు కూడా అచ్చుంది. మూడో వరుసలోనే పాదరసం, పాదరసం ఉన్న పరికరాలు అని రాసి ఉంది. దాన్ని నేనే నా చేతులతో బంక పూసి మూసేశాను. ఓదెలుకు చూపించాను. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు గదా సాబ్ అని, తనకు చదువు రానందుకు సంతోషపడ్డాడు. ఆ మాటకు నాకు కోపం రాలేదు.

సోమవారం పొద్దున ఇన్‌స్పెక్టర్ గని గేటు దగ్గర ఉండగానే తంతి వచ్చింది. గొట్టం మీది గీతలు తప్పు, గ్యాస్‌ను ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తున్నాయి. ఇన్‌స్పెక్టర్ తన దీపంతో స్వయంగా దిగి చూశాడు. బుధవారం మూడో సెక్షన్ తెరుచుకుంది. పోశం దీపం కోసం వస్తే తండ్రి అతని జేబులు రెండుసార్లు తడిమాడు.

ఆ ఆదివారం ఎనభై మందీ మైసమ్మకు యాటను కోశారు. ఓదెలును పిలవడానికి నేనే వెళ్లాను. తాను గెలిచిన రోజు కదా, కుర్చీలో దర్జాగా కూర్చుని ఉంటాడనుకున్నాను. ల్యాంప్ రూమ్‌లో బోర్డు ముందు నిలబడి ఉన్నాడు. నలభై ఒకటి నంబర్ దగ్గర ఒంటి బిళ్ళ వేలాడుతోంది.

"దొర ఇంక దిగలే సాబ్," అన్నాడు. "నేనెట్ల వస్త?"

పెట్టె కలకత్తా చేరిందంటే ఆయన నాగపూర్‌లో దిగినట్టే కదా అని నచ్చజెప్పాను. అది పెట్టె సంగతి, ఇది మనిషి సంగతి అన్నాడు. తర్వాత ఆయన ఎన్నిసార్లు ఎగిరిండో, ఆవగింజంత బొట్టు ఎక్కడన్నా మిగిలిందేమో ఎవరికెరుక అన్నాడు. అతని వంతు కూర ఆకులో కట్టి అక్కడికే పంపించాం.

ఇంకో నాలుగు రోజులకు రిజిస్టర్డ్ కవరు వచ్చింది. అందులో ఇత్తడి బిళ్ళ, హిందీలో ఒకే వాక్యం రాసిన చీటీ. విమానం నేల అంతా విప్పించి వెతికించాను, ఒక్క బొట్టు కూడా లేదు, నేను పైకి వచ్చేశాను అని. పైలట్‌కు పైకి రావడమంటే నేల మీదికి దిగడమేనని నేర్పింది ఓదెలు. బిళ్ళ జతలో వేలాడదీసి, ఆ రోజు పగలే ఇంటికి పోయి పడుకున్నాడు.

లైటర్ పంపే పని నాకు పడింది. పెట్రోల్ తీసేశాను, వత్తి తీసేశాను, పోస్టాఫీసు నియమాల కాగితం అడిగి రెండువైపులా చదివాను. పార్సిల్ గేటు దాటింది. అలవాటు కొద్దీ ఎర్ర సిరా కలం తీశాను. కానీ గీత కొట్టలేకపోయాను. అది చేరినట్టు పైలట్ సంతకంతో రసీదు వచ్చేదాకా ఎనిమిది రోజులు ఆ వరుసను అలాగే ఉంచాను. ఆ తర్వాత పదవీ విరమణ దాకా నా రిజిస్టర్‌లో ఏ పెట్టెకూ, అది చేరిన కబురు అందకుండా ఎర్రగీత పడలేదు.