ఇంట్లో ఉన్న కళ్ళద్దాలు

"అవి మామ కండ్లద్దాలు అత్తా. నాకు సరిపడవు."

"ఏంటికి సరిపడవు? మీ మామా దారం సూసేదానికే పెట్టుకున్నాడు, నువ్వూ దారం సూసేదానికే పెట్టుకుంటా ఉండావు. అద్దం పగిలిందా? లేదే!"

"నా తల పగిలిపోతా ఉండాది. ఈ పొద్దు మూడు పోగులు తెగినా కనపడక వదిలేసినాను. బట్టకు బారెడు గీత పడింది."

"గీత పడింది అద్దాలతో కాదు. నీ చూపు యాడనో ఉండి."

"నా చూపు యాడుండాదో సూపిచ్చుకునేదానికే డాక్టరు కాడికి పోదామంటా ఉండాను!"

నగరిలో మా ఇంటి వెనక రేకుల కొట్టంలో రెండు మరమగ్గాలున్నాయి. నా కొడుకు ఒకటి, కోడలు ఒకటి నడుపుతారు. ఆ రొదలో మేం గొంతు చించుకునే పోట్లాడుకుంటాం. ఆ మగ్గాల కోసం చేసిన అప్పు తీరడానికి తొమ్మిదేళ్ళు పట్టింది. పోయిన ఎండాకాలం ఆఖరి కంతు కట్టి ఇంటి పత్రాలు వెనక్కి తెచ్చుకున్నాం. ఆ రోజే నా కొడుకు కిలో మైసూరుపాకు పట్టుకొచ్చాడు. కిలో! "అప్పు తీరిందో లేదో, అప్పుడే నాలుక లేచిందా?" అన్నాను. ఆ పొట్లం మూడు రోజులు ఎవరూ విప్పలేదు. చీమలు విప్పాయి.

ఖర్చు పెట్టేవాళ్ళంటే నాకు మొదటినుంచీ చులకన. పక్కింటామెనే తీసుకోండి. టీవీ కంతుల మీద, ఫోను కంతుల మీద, కూర్చునే సోఫా కూడా కంతుల మీదే. ఆమె నాకు బుద్ధి చెబుతుంది, "అప్పు తీరిపోయె కదవ్వా, ఇంకేం భయం?" అని. కూర్చున్న చోటు సొంతం కాదు, నోరు మాత్రం సొంతం.

నేను చదివింది మూడో తరగతి. ఆ తొమ్మిదేళ్ళూ ఇల్లు నడిపింది చదువు కాదు, ఒక మాట. "ఇంట్లో ఉండాది." అంగట్లో గొడుగు చూపిస్తే ఇంట్లో ఉండాది. బస్టాండులో దుప్పట్లవాడు మీద పడితే ఇంట్లో ఉండాది. గొడుగు ఉన్నమాట నిజమే, దానికి కమ్ములు లేవు. దుప్పటీ ఉంది, నడుమ చినుగు. లేదంటే జనం జాలి పడతారు, లేకపోతే నవ్వుతారు. ఉందంటే నోరెత్తరు.

అప్పు పోయింది గానీ ఆ మాట పోలేదు. మొన్నామధ్య చంద్రగిరిలో చెల్లెలి ఇంటికి వెళ్ళి వస్తూ తిరుపతిలో చెప్పుల అంగడి ఎక్కాను. ఒక జత కాలికి సరిగ్గా కుదిరింది, మెత్తగా ఉంది. కొంగు ముడి విప్పాను. విప్పిన చెయ్యి అక్కడే నిలిచిపోయింది. "ఇంట్లో ఉండాయిలేప్పా" అని, తెగిన వారుకు పిన్నీసు పెట్టిన పాత చెప్పులతోనే మెట్లు దిగాను. అంగడాయన నా కాళ్ళ వైపు చూశాడు. చూస్తే చూశాడు. బస్సెక్కేదాకా ఏదో గెలిచినట్టే ఉంది. పుత్తూరు దాటాక, ఎవరిని గెలిచావే ముసలిదానా అని నన్ను నేనే అడుక్కున్నాను.

ఆరు నెలల కిందట కోడలు చూపు మసకగా ఉందన్నప్పుడూ ఆ మాటే అన్నాను. పెట్టెలోంచి మా ఆయన అద్దాలు తీసి, కొంగుతో తుడిచి ఇచ్చాను. ఆయన పోయి పన్నెండేళ్ళు. కాడ విరిగితే ఆయన చుట్టిన దారం ఇంకా అట్లాగే ఉంది. కోడలు మారుమాట్లాడకుండా పెట్టుకుంది. ఆరు నెలలు! అంత మెతకదాన్ని చూసినా నాకు చులకనే.

బట్టకు గీత పడిన ఆ సాయంత్రం మాత్రం మెతకగా లేదు. మగ్గం ఆపి, అద్దాలు తీసి నా చేతిలో పెట్టింది.

"నువ్వు పెట్టుకుని, తెగిన పోగు ముడెయ్, సూస్తాను. నాకు నేర్పిచ్చింది నువ్వే కదా."

పెట్టుకున్నాను. పడుగులో ఒక్కో పోగు రెండయింది. ఆ రెండూ నీళ్ళలో ఉన్నట్టు కదులుతున్నాయి. తడిమి తడిమి ఒకటి పట్టుకున్నాను.

"బాగానే కనపడతా ఉండాది" అన్నాను.

"నువ్వు పట్టుకునింది మంచి పోగు. తెగింది ఈ పక్కన ఉండాది."

నా కొడుకు నవ్వు ఆపుకోలేక మగ్గం వెనక్కి పోయాడు. కోడలు నవ్వలేదు.

"అన్నిటికీ ఇంట్లో ఉండాది, ఇంట్లో ఉండాది అంటావు. ఈ ఇంట్లో ఉండేదంతా పాడైపోయిందన్నా అయ్యుంటాది, లేకుంటే సచ్చిపోయినోళ్ళదన్నా. రేపు నా కండ్లు పోతే అవి గూడా పెట్టెలోంచి తీసిస్తావా అత్తా?"

అద్దాలు తీసి మగ్గం మీద పెట్టాను. పక్కింటామె మీద ఇన్నాళ్ళూ పెంచుకున్న చులకనంతా తిరిగి నా మీదికే వచ్చి కూర్చుంది. ఆమె లేని డబ్బు ఖర్చు పెడుతోంది. నేను ఉన్న డబ్బు దాచి, కోడలి కళ్ళు ఖర్చు పెడుతున్నాను. ఇద్దరిలో సిగ్గులేనిది ఎవరో చెప్పడానికి మూడో తరగతి కూడా అక్కర్లేదు.

అన్నం తినకుండా పడుకున్నాను. అలిగానని వాళ్ళు అనుకున్నారు. అనుకోనిచ్చాను.

పొద్దున ఏడు గంటల బస్సుకు కోడలూ నేనూ పుత్తూరు వెళ్ళాం. డాక్టరు పరీక్ష చేసి రెండు కళ్ళకూ వేరువేరు నంబర్లు రాసిచ్చాడు. అద్దాల అంగట్లో కోడలు అన్నిటికంటే చవక ఫ్రేము పట్టుకుంది. అది ముక్కు మీద జారుతోందని నేను ఇంకొకటి తీయించాను. ధర ఎక్కువన్నాను. వాళ్ళు తగ్గించలేదు. డబ్బు ఇచ్చాను. అద్దాలు గురువారం ఇస్తామన్నారు. రసీదు కోడలు తన దగ్గర పెట్టుకుంది. పదిన్నరకు నగరి బస్సు ఎక్కాం.