చేతికి తగలాల్సిన ముద్ర

యూనివర్సిటీ అడ్మిషన్ కౌంటర్ వెనక ఉన్నాయన నా డిగ్రీ పట్టాను లైటుకేసి ఎత్తి చూశాడు. తర్వాత బొటనవేలితో కింది మూల రుద్దాడు. మళ్ళీ రుద్దాడు.

"మేడమ్, యే లామినేటెడ్ హై."

అవునన్నాను.

"నహీ చలేగా." తర్వాతదంతా హిందీలో గబగబా చెప్పుకుపోయాడు. ఇలా అయితే చెల్లదట. ఉబ్బెత్తు ముద్ర చేతికి తగలాలట. ప్లాస్టిక్ మీద ఏం తెలుస్తుందట. కలర్ జిరాక్స్ తీసి లామినేషన్ చేయించుకొచ్చేవాళ్ళు బోలెడు మంది ఉన్నారట.

"ఇది జిరాక్స్ కాదండీ. ముప్పై ఏళ్ల కిందటి కాగితం."

"అది నాకెలా తెలుస్తుంది? అదేగా చెప్తున్నా. శుక్రవారం సాయంత్రం ఐదుదాకా టైముంది. ప్లాస్టిక్ తీయించుకురండి, లేదా డూప్లికేట్ తెచ్చుకోండి. నెక్స్ట్."

ఆ రోజు బుధవారం.

నాకు యాభై రెండేళ్లు. ఎం.ఏ. చరిత్రలో సీటు వచ్చింది, రోజూ వెళ్ళి తరగతిలో కూర్చుని చదివే సీటు. ప్రవేశ పరీక్ష రాయడానికి వెళ్ళినప్పుడు సెంటర్ గేటు దగ్గర గార్డు, "పేరెంట్స్ రోడ్డుకి అవతల నిలబడాలి, ఆంటీ" అన్నాడు. హాల్ టికెట్ చూపిస్తే అందులోని ఫోటోనీ నా మొహాన్నీ మార్చి మార్చి చూసి లోపలికి పంపాడు. ఆ పరీక్ష తేలిగ్గానే అయిపోయింది. కష్టమంతా తర్వాతే మొదలైంది.

డిగ్రీకీ ఇప్పటికీ మధ్య ఉన్న ముప్పై ఒక్క ఏళ్లకి అఫిడవిట్ తెమ్మన్నారు. నోటరీ దగ్గర టైపిస్టు, "గ్యాప్‌కి కారణం ఏం రాయమంటారు?" అని అడిగాడు. నేను ఆలోచిస్తుండగానే తనే 'గృహ కారణాలు' అని టైపు కొట్టేశాడు. ఆ కాలంలో నేను ఏ విద్యాసంస్థలోనూ చేరలేదనీ, నా మీద ఏ కేసూ లేదనీ ప్రమాణం చేసి సంతకం పెట్టాను. పెళ్ళి, కూతురు, నాలుగు అద్దె ఇళ్ళు, ఆయన జబ్బు, ఆయన పోవడం, అన్నీ ఆ రెండు మాటల్లో సర్దుకున్నాయి. అందులో అబద్ధమేమీ లేదు, కాబట్టి పోట్లాడటానికి కూడా వీల్లేకపోయింది.

మా అమ్మాయి మొదటినుంచీ అంటూనే ఉంది. గుర్గావ్‌లో ఉద్యోగం తనకి, రోజూ ఇంటినుంచే వెళ్ళొస్తుంది. ఇక్కడే పుట్టి పెరిగింది. నేను తెలుగులో మాట్లాడితే హిందీలో జవాబిస్తుంది.

"అమ్మా, డిస్టెన్స్‌లో కర్ లో నా. పుస్తకాలు ఘర్ పే ఆ జాయేంగీ."

"పుస్తకాలు ఇంట్లో ఉన్నాయి కదే."

"తో ఫిర్?"

మరి తరగతికెందుకు అన్న ఆ 'తో ఫిర్'కి నేను సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఇక్కడ చెప్తాను. మా ఇంట్లో ఏ పుస్తకమైనా ఇద్దరం చదివేవాళ్ళం. ఆయన బస్ టికెట్ పెట్టుకునేవారు గుర్తుకి, నేను పేజీ మూల మడిచేదాన్ని. మడిచినందుకు ఆయనకి కోపం. పొద్దున టీ దగ్గర ఆ పుస్తకం గురించి పోట్లాట. పెద్ద చర్చలేమీ కావు. "ఆ రాజు అలా చేసుండడు", "చేశాడని రాశాడుగా", "రాసినవన్నీ నమ్ముతావా" ఇలా. ఆయన పోయి రెండేళ్లు. ఇప్పటికీ చదువుతాను. పేజీలు మడుస్తాను. ఎవరూ ఏమీ అనరు. నేను చదివిన పేజీనే చదివిన ఇంకో మనిషి ఉండే గది కావాలి నాకు. అలాంటి గది పోస్టులో రాదు.

ఇక లామినేషన్ సంగతి. అది చేయించింది ఆయనే. పెళ్ళయిన కొత్తలో కరోల్ బాగ్‌లో మేడ మీద ఒంటి గదిలో ఉండేవాళ్ళం. మొదటి వర్షాకాలంలోనే కప్పు కారి సర్టిఫికెట్లున్న పెట్టె మీద నీళ్ళు పడ్డాయి. పై రెండు కాగితాలు తడిశాయి. మర్నాడే ఆయన ఆఫీసుకి సెలవు పెట్టి, ఇద్దరి కాగితాలూ ఆరబెట్టి, తీసుకెళ్ళి ఒక్కొక్కటీ లామినేషన్ చేయించుకొచ్చారు. "ఇంక బకెట్లో ముంచినా ఏం కాదు" అని నాకు చూపించారు. తెనాలిలో మా నాన్నకి ఉత్తరం కూడా రాశారు, పిల్ల పట్టా భద్రం అని. ఆ రోజుల్లో మా వైపు వాళ్ళందరూ అదే చేసేవారు. కష్టపడి సంపాదించిన కాగితం ఏదైనా ప్లాస్టిక్‌లోకి పోవాల్సిందే.

డూప్లికేట్ కోసం మా పాత విశ్వవిద్యాలయానికి ఫోన్ చేశాను. పట్టా పోయిందని పోలీసు కంప్లయింట్ కావాలి, పేపర్లో ప్రకటన కావాలి, ఆపైన ఎన్ని నెలలో వాళ్ళకే తెలియదు. "కానీ అది పోలేదండీ, నా చేతిలోనే ఉంది" అన్నాను. "అలాగైతే ఇవ్వటం కుదరదమ్మా" అంది అవతలి గొంతు, నా మంచి కోరే చెప్తున్నట్టు.

ఆయన పోయాక ఈ రెండేళ్లలో బ్యాంకు, పెన్షను, ఫ్లాటు పేరు మార్పిడి అని ఎన్ని కౌంటర్ల ముందు నిలబడ్డానో. ఎక్కడా గొంతు పెంచలేదు. ఆ రోజు మాత్రం ఫోన్ పెట్టేశాక ఖాళీ ఇంట్లో గట్టిగా అరిచాను. ఎవరి మీదో తెలియదు. ఆయన మీదేనేమో.

గురువారం ఫైలంతా సంచిలో వేసుకుని జియా సరాయ్ వెళ్ళాను. అక్కడి సందుల్లో విద్యార్థుల గదులు, కోచింగ్ బోర్డులు, అడుగడుగునా ఒక జిరాక్స్ షాపు. నాలుగు షాపుల వాళ్ళు తల అడ్డంగా ఊపారు. ఐదో షాపులో నా వయసే ఉన్న మనిషి కళ్ళజోడు నుదుటి మీదికి తోసి పట్టాను తిప్పి చూశాడు.

"పాత కాలం సరుకు. జిగురు కాగితంలోకి దిగిపోయి ఉంటుంది. చేస్తాను గానీ కాగితానికి గ్యారంటీ లేదు, బెహన్‌జీ."

"జాగ్రత్తగా చేస్తే?"

"జాగ్రత్తగానే చేస్తా. డాక్టరు మాత్రం గ్యారంటీ ఇస్తాడా?" అని ఫైలు కేసి చూశాడు. "ఇది చేయించిన షాపులోనే, అప్పుడే చేయించిన కాగితం ఇంకోటి ఉందా? అక్కర్లేనిది? ముందు దాని మీద చూద్దాం. ఎంత వేడి పెట్టాలో తెలుస్తుంది."

ఉంది. నావి ఇంటర్ మెమో, పదో తరగతిది ఉన్నాయి, కానీ అవి కూడా రేపు కౌంటర్లో కావాలి. మిగిలినవి ఆయనవి. బీకాం మార్కుల జాబితా తీసి ఇచ్చాను.

"ఎవరిది?"

"మా ఆయనది."

"ఆయనకి అక్కర్లేదా? ఫోన్ చేసి అడగండి ఒకసారి. తర్వాత నా మీద పడతారు."

"అక్కర్లేదు. చేయండి."

హెయిర్ డ్రయర్‌తో వేడి చేసి, బ్లేడుతో అంచు చీల్చి, ప్లాస్టిక్ పట్టి లాగాడు. సగం దాకా బాగానే వచ్చింది. అక్కడినుంచి కాగితం పై పొర కూడా లేచిపోయింది. చివరి సంవత్సరం మార్కులు, కింద సంతకం, ప్లాస్టిక్‌కి అంటుకుని తిరగేసి కనిపించాయి. అతను నా వైపు చూశాడు. నేను కాగితం వైపు చూశాను.

"వేడి ఎక్కువైంది" అన్నాడు. "మీది తక్కువ వేడిలో, కింది మూల నుంచి మొదలెడతా. ఆపేద్దామన్నా సరే."

ఆపితే సీటు పోతుంది. చేయమన్నాను.

నా పట్టాకి గంటకు పైగా పట్టింది. మధ్యలో జిరాక్స్ కోసం వచ్చినవాళ్ళని "లంచ్, లంచ్" అని వెళ్ళగొట్టాడు. ఒక మూల చిరిగింది. రిజిస్ట్రారు సంతకం కొంచెం వెలిసింది. పేరు, సంవత్సరం, ముద్ర నిలిచాయి. నా వేలు పట్టి ముద్ర మీద పెట్టించి, "చూడండి, తగులుతోంది" అన్నాడు. తగిలింది. మిగతా రెండు మెమోలు కూడా అలాగే తీసిచ్చాడు.

సాయంత్రం అమ్మాయికి చెప్పాను. తను ఆయన మెమో దగ్గరే ఆగిపోయింది.

"నాన్నది క్యోఁ దియా?"

"ఇంకేది ఇవ్వమంటావు?"

"స్కాన్ కరాయా థా పెహలే?"

లేదన్నాను. ఎదురుగా స్కానర్ పెట్టుకుని కూర్చున్న షాపులో ఆ ఆలోచనే రాలేదు నాకు. తను గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. తనకి చరిత్ర మీద ఆసక్తి లేదని ఎన్నోసార్లు అన్నాను. ఆ రాత్రి ఆ మాట మనసులో కూడా అనుకోలేకపోయాను.

శుక్రవారం రెండు గంటలు లైన్లో నిలబడ్డాను. నా వంతు వచ్చేసరికి కౌంటర్లో వేరే ఆవిడ ఉంది. పట్టాను ఫైల్లోంచి తీసి రెండు చేతులతో అందించాను. ఆవిడ కంప్యూటర్లో నా పేరు వెతికింది. కాగితం మీద పేరు చూసింది, సంవత్సరం చూసింది, టిక్ పెట్టింది.

"ముద్ర చూడరా?" అన్నాను.

"క్యోఁ?"

"చేతికి తగలాలన్నారు, బుధవారం."

"కనిపిస్తోందిగా" అంది. వేలు పెట్టలేదు. అఫిడవిట్ కూడా చదవలేదు, పిన్ను కొట్టి లోపల పడేసింది. పట్టా తిరిగి ఇస్తూ చిరిగిన మూల గమనించింది. "ఆంటీ, బహుత్ పురానా పేపర్ హై. ఖరాబ్ హో జాయేగా. లామినేషన్ కరవా లీజియే."

నా వెనక ముప్పై మంది ఉన్నారు. సరే, చేయిస్తానని పక్కకి తప్పుకున్నాను.

ఇంటికెళ్ళేసరికి అమ్మాయి వచ్చేసి ఉంది. "హో గయా?" అంది, ఫోన్ లోంచి తల ఎత్తకుండా.

"అయింది. సోమవారం నుంచి తరగతులు." చెప్పాలా వద్దా అనుకుంటూనే కౌంటర్ ఆవిడ అన్న మాట కూడా చెప్పాను.

తను ఫోన్ కింద పెట్టింది. నా చేతిలోంచి పట్టా తీసుకుని, చిరిగిన మూల చూసి, ముద్ర మీద వేలు పెట్టింది. చాలాసేపు తీయలేదు.

"నాన్న ఉంటే రేపే తీసుకెళ్ళి మళ్ళీ చేయించేవాడు" అంది, తెలుగులో.

"చేయించేవారే" అన్నాను.