ఊపిరి పెట్టె పిడి

మా అమ్మను ఆసుపత్రిలో అందరూ తిత్తక్క అనేవారు. తాతయ్య కమ్మరి. చిన్నప్పుడు ఆయన కొలిమి దగ్గర గాలి ఊదే తిత్తి ఆడించడం అమ్మ పని. పెళ్లి కూడా కమ్మరినే చేసుకుంది. "పొగలోంచి పొగలోకే వచ్చి పడ్డా" అని నాన్నను దెప్పేది. ఆ తర్వాత పిల్లల వార్డులో ఆయాగా చేరింది.

అప్పటికి పోలియోకు మందు లేదు, టీకా ఇంకా మా దాకా రాలేదు. ముందు జ్వరం వచ్చేది, మెడ బిగుసుకునేది, ఆ మర్నాటికి కాలు కదిలేది కాదు. కొందరికి ఊపిరి తీసుకునే శక్తి కూడా పోయేది. అలాంటి వాళ్ల కోసం వార్డులో ఒకే ఒక్క ఇనుప పెట్టె ఉండేది. తల మాత్రం బయటికి ఉంచి బిడ్డను అందులో పడుకోబెడితే, పెట్టెకున్న తోలుతిత్తి కరెంటుతో సాగుతూ ముడుచుకుంటూ ఊపిరి ఆడించేది. కరెంటు పోతే చేత్తో ఆడించడానికి పక్కన పొడవాటి పిడి ఉండేది.

ఆ ఏడాది పెట్టెలో దర్జీ కూతురు ఉంది. అందరూ పిచ్చుక అనేవారు. గాలి బయటికి పోయేటప్పుడే మాట వచ్చేది కాబట్టి ముక్కలు ముక్కలుగా మాట్లాడేది. అయినా దాని వాగుడుకు అంతుండేది కాదు.

ఒక మధ్యాహ్నం గాలివానకు కరెంటు పోయింది. పెట్టె చప్పుడు ఆగింది. అమ్మ ఒక్క ఉదుటున వెళ్లి పిడి అందుకుంది. నర్సమ్మ డాక్టరు కోసం పరిగెత్తింది. భయంతో అమ్మ చెయ్యి గబగబా ఆడింది.

"అత్తా... నిన్నెవరైనా... తరుముతున్నారా?" అంది పిచ్చుక.

అమ్మకు నవ్వొచ్చింది. చెయ్యి నెమ్మదించింది.

అప్పుడే నాన్న తడిసి ముద్దై వార్డులోకి వచ్చాడు. ఆయన భుజం మీద మా అన్నయ్య ఉన్నాడు. ఒళ్లు కాలిపోతోంది, తల వంచబోతే కెవ్వుమంటున్నాడు. అలాంటి పిల్లల్ని అమ్మ రోజూ చూస్తూనే ఉంది, ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

"వీణ్ణి పట్టుకోవే ముందు!" అన్నాడు నాన్న.

"వదిల్తే ఇది పోతుందయ్యా!"

అన్నయ్య అమ్మ వైపు చేతులు చాచి ఏడుస్తున్నాడు. "వస్తున్నా కన్నా, వస్తున్నా" అంటూనే ఉంది అమ్మ. పిడి వదల్లేదు. ఏ తల్లీ అలాంటి చోట నిలబడకూడదు.

నాన్న ఆ పెట్టె వైపు చూశాడు, పిచ్చుక మొహం వైపు చూశాడు. అన్నయ్యను పక్క మంచం మీద పడుకోబెట్టి వచ్చి, అమ్మ చేతుల పక్కనే పిడి మీద చేతులు వేశాడు.

"జరుగు. తిత్తి నాకేమన్నా కొత్తా?"

ఊపు తప్పకుండా పిడి చేతులు మారింది. అమ్మ వెళ్లి అన్నయ్యను ఎత్తుకుంది. డాక్టరు వచ్చి చిన్న సుత్తితో వాడి మోకాళ్ల మీద తట్టాడు. ఎడమ కాలు ఎగిరింది. కుడి కాలు ఎగరలేదు.

పిచ్చుక బతికింది, కొన్నాళ్లకు పెట్టెలోంచి బయటికి కూడా వచ్చింది. అన్నయ్యకు ఊపిరి దక్కింది, కాలు దక్కలేదు. ఆ రోగాన్ని ఆసుపత్రి నుంచి అమ్మే ఇంటికి మోసుకొచ్చిందని వీధిలో వాళ్లు నోళ్లు నొక్కుకున్నారు. వాళ్ల నోళ్లు పడిపోను! నిజమేనా అని అమ్మ డాక్టర్ని అడిగితే, "చెప్పలేం" అన్నాడట. ఆ ఒక్క మాట ఆమెను జీవితాంతం తినేసింది.

పోలియో చుక్కలు వచ్చేనాటికి నేను చంకలో పిల్లను. అమ్మ తెల్లవారకముందే వెళ్లి వరుసలో మొదట నిలబడింది. నన్నెంత గట్టిగా హత్తుకుందంటే, "నోరు కనబడితే కదా తిత్తక్కా చుక్కలు వేసేది!" అని నర్సమ్మ నవ్వింది.

నాకు వేశారు. పక్కన అన్నయ్య, కుడి కాలికి నాన్న చేసిన ఇనుప కమ్ముల బూటుతో నిలబడి ఉన్నాడు.

"నాకూ వెయ్యండి" అన్నాడు.

నర్సమ్మ వేసింది. వాడు చప్పరించి మింగి, అమ్మ కొంగు లాగి అడిగాడు.

"ఇంక బూటు విప్పెయ్యనా అమ్మా?"