దసరా తర్వాత మామ కంప్యూటర్

మొన్న ఆదివారం అంజూర్ ఫాటాలోని మా ఇంట్లో ఇంటర్నెట్ ఓ పూట పనిచేయలేదు. మా అమ్మాయి ఇంట్లో దొంగలు పడ్డట్టు మొహం పెట్టుకుని కూర్చుంది. కంపెనీకి ఫోన్ చేస్తే డబ్బా ఆపి మళ్లీ వేయమన్నారు, వేస్తే వచ్చేసింది. ఇంత చిన్నదానికి అంత దిగులా అని నవ్వబోయి ఆగిపోయాను. ఇంతకంటే చిన్నదానికే ఒకప్పుడు బొంబాయి దగ్గరి పద్మనగర్‌లో మా మామ కుర్చీ పోబోయింది.

మామ అంటే మా అమ్మకు అన్న. పవర్‌లూములను మావాళ్లు సాంచలు అంటారు. మా పెద్దనాన్న కార్ఖానాలో సాంచల మధ్య వయసంతా గడిపాడాయన. ఆ మోతలో అన్నేళ్లు నిలబడ్డవాళ్లకు చెవులు మిగలవు, మామకూ మిగల్లేదు. పెద్దనాన్న ఆయన్ని తీసుకొచ్చి ముందుగదిలోని ఆఫీసులో కూర్చోబెట్టాడు. బిల్లులు రాయడానికి నేనూ అక్కడే ఉండేదాన్ని. కానీ ఆఫీసంటేనే ఫోన్లు. ఫోను పక్కనే మోగుతున్నా మామ తాపీగా చాయ్ తాగుతుండేవాడు. ఆయనకు చెప్పే రహస్యం ఏదైనా వీధి చివర ఇస్త్రీవాడికి కూడా తెలిసిపోయేది. అంతలో బొంబాయి వ్యాపారులు ఆర్డర్లు ఈమెయిల్‌లో పంపడం మొదలుపెట్టారు. మామ ఒంటివేలితో టైపు కొట్టడం నేర్చుకున్నాడు. అరవకుండా తనతో మాట్లాడే మనుషులు ఆయనకు ఎన్నో ఏళ్లకు దొరికారు. ఉదయాన్నే తల దువ్వుకుని, మడత నలగని చొక్కా వేసుకుని, పెళ్లికి వచ్చినట్టు వచ్చి స్క్రీన్ ముందు కూర్చునేవాడు.

ఆఫీసులో ఉన్నవి ఒక కొత్త కంప్యూటర్, మూడు పాతవి. టెలిఫోన్ తీగ కొత్తదానికి ఉండేది, దాని ముందు పెద్దనాన్న కొడుకు, అంటే మా అన్న కూర్చునేవాడు. అక్కణ్నుంచి ఒక నల్లటి లావు తీగ వరసగా పాతవాటిని కలుపుతూ పోయి, నూలు బస్తాల వెనక ముగిసేది. ఆ తీగ మీదుగానే పాతవాటికి ఇంటర్నెట్ అందేది. చిట్టచివరి కంప్యూటర్ మామది. అది తెరుచుకునే లోపల ఒక చాయ్ పూర్తయ్యేది, అందుకే ఆయనకు రెండో చాయ్ అలవాటైందని మా పెద్దమ్మ ఎగతాళి చేసేది.

ఆ ఏడు దసరా సెలవు గడిచి ఆఫీసు తెరిస్తే పాత కంప్యూటర్లు మూడింటికీ ఇంటర్నెట్ లేదు. అన్నదానికి మాత్రం నిక్షేపంగా వస్తోంది. కల్యాణ్ నుంచి మెకానిక్ వచ్చాడు. ఏవేవో నంబర్లు మార్చాడు, సాఫ్ట్‌వేర్ తీసి మళ్లీ వేశాడు, లోపలి కార్డులు ఊడదీసి దులిపాడు. మర్నాడు మళ్లీ వచ్చి అదంతా మొదటినుంచీ చేశాడు. చివరికి చేతులు తుడుచుకుంటూ, "పురానా మాల్ హై సేఠ్, బదల్ డాలో" అన్నాడు, పాత సరుకు మార్చెయ్యమని. కొత్తది నడుస్తూ పాతవి నడవకపోతే ఎవరైనా అదే అనుకుంటారు, మేమూ అనుకున్నాం.

అన్నకు అదే చాలు. "పాతయి తీసేద్దాం బాపూ. మామకు మల్ల కొత్తదెందుకు? గా మెయిళ్లు నేనే చూసుకుంట" అన్నాడు. మామ పక్కనే ఉన్నాడన్న సంగతి ఎవరికీ పట్టలేదు, వినపడదు గదా. కానీ మామ మా మొహాలు చదివేశాడు. ఖాళీ స్క్రీన్ ముందు చేతులు కట్టుకుని కూర్చుండిపోయాడు. ఆ కుర్చీ పోతే ఆయన ఇంట్లో గోడకేసి చూస్తూ కూర్చోవాల్సిందే.

మెకానిక్ పాతవాటిని విప్పబోతుండగా పైనుంచి పెద్దమ్మ దిగివచ్చింది. పూజగదిలో దసరా నాటి ఎండుపూలు ఎత్తుతుంటే దొరికిందని, పసుపూ కుంకుమా అంటిన చిన్న లోహపు మూత ఒకటి చేతిలో పట్టుకుంది. "ఇది ఏ సాంచది?" అని అడిగింది. మెకానిక్ దాన్ని చూశాడు. నేలమీద పాక్కుంటూ బస్తాల వెనక్కి వెళ్లి, తీగ కొస పట్టుకుని బయటికొచ్చాడు. ఆ కొస బోసిగా ఉంది. ఈ రకం తీగకు చివర ఆ మూత లేకపోతే మొత్తం వరసంతా చచ్చినట్టేనని అతను చెప్పాడు.

"ఎవడు తీసిండు?" పెద్దనాన్న గొంతుకు గది అదిరింది. నేనైతే అన్న మీదే అనుమానపడ్డాను. మామకు మాట వినపడలేదు, మూత మాత్రం కనపడింది. లేచి నిలబడ్డాడు.

"నేనే తీసిన బావా. సాంచల ధోటాలన్ని అమ్మవారి ముందల పెట్టినం. నాకు అన్నం పెడుతున్న దీన్ని ఎట్ల ఇడిచిపెట్టాలె? ఏం తీస్తె పని చెడదో అని శానసేపు చూసిన. కొసకున్నది, దానికవతల ఏం లేదు, ఉత్త మూతే గదా అనుకున్న."

ధోటా అంటే నూలు కండెను కడుపులో పెట్టుకుని అటూ ఇటూ పరుగెత్తే నాడె. దసరాకు సాంచలు ఆపి, ఒక్కోదాని ధోటా తీసి అమ్మవారి ముందు పెట్టడం మా వాడకట్టులో అందరూ చేసేదే. మర్నాడు కొబ్బరికాయ కొట్టి పనివాళ్లు ఎవరి ధోటా వాళ్లు తీసుకుపోయారు. ఈ మూత పూలకింద ఉండిపోయింది, దానితో పనేముందని మామా మరిచిపోయాడు. ఆయన కుర్చీ కిందికి నీళ్లు తెచ్చింది ఆయన భక్తే. అన్న తల దించుకున్నాడు.

పెద్దనాన్న కేకలేస్తాడనుకున్నాను. ఆయన మూతను అందుకుని, కళ్లకద్దుకుని, మెకానిక్ చేతిలో పెట్టాడు. "పాతయి గట్లనే ఉండనియ్" అన్నాడు అన్నతో.

మూత బిగించగానే మామ స్క్రీన్ మీద మెయిళ్లు ఒకదాని వెనక ఒకటి దిగాయి. ఆయన వాటివైపు చూడలేదు. నావైపు తిరిగి, తప్పు చేసినవాడిలా మెల్లగా అన్నాడు. "సాంచ ఆగితె నా కాళ్లకు తెలుస్తది బిడ్డా, నేల అదురుడు ఆగుతది. ఇది నా చేతులతోనె ఆగినా నాకు తెల్వకపాయె."

చూపు మందగించేదాకా మామ ఆ కుర్చీలోనే కూర్చున్నాడు. ఆయన పోయి చాలా కాలమైంది. ఈమధ్య పద్మనగర్ వెళ్లి మా పాత గల్లీలో చెప్పులు విడిచి నిలబడ్డాను. కాళ్ల కింద నేల అదరడం లేదు. ఎప్పటినుంచి అలా ఉందో ఎవరినీ అడగబుద్ధి కాలేదు. కాలం వెళ్లిపోతున్నప్పుడు మనకు చెప్పి వెళ్లదు, మనం చెప్పులు వేసుకునే తిరుగుతుంటాం.