పగోళ్ల మంచె మీద ఎర్రగుడ్డ

నా చిన్నప్పుడు మా తొండుపల్లికి తంతీ లేదు, టెలిఫోనూ లేదు. జొన్న పాలు పోసుకునే రోజుల్లో పిట్టల్ని తోలడానికి చేనుకో మంచె వేసేవారు. కబురు ఆ మంచెల మీదుగానే పోయేది. తెల్లగుడ్డ ఊపితే సద్ది తెమ్మని, ఎర్రగుడ్డ ఊపితే మంత్రసాని కావాలని. చూసినవాళ్లు పక్క మంచెకు ఊపాలి. అట్లా సాతంరాయిలో ఉండే మంత్రసాని దాకా చేరేది.

ఆ ఏడు మా మంచె కావలి నాది. పక్క చేనువాళ్లు మా గట్టును మూరెడు జరుపుకున్నారని ఇంట్లో రోజూ తిట్లే. వాళ్ల దిక్కు కన్నెత్తి చూడొద్దని మా నాయనమ్మ గట్టిగా చెప్పింది. ఒకరోజు పొద్దున వాళ్ల మంచె మీద ఎర్రగుడ్డ లేచింది. ఊపితే ఊపుకోనీ అని మొహం తిప్పుకుని, వడిసెలతో పిట్టల్ని కొడుతూ కూర్చున్నాను. గొప్ప పని చేసినట్టు పొంగిపోయాను కూడా!

సద్ది తెచ్చిన నాయనమ్మ గట్టు మీద నుంచే ఆ గుడ్డను చూసింది. ఎంతసేపైందని అడిగితే, చాలాసేపైందన్నాను. సద్ది కింద పడేసి మంచె ఎక్కి, మా ఎర్రగుడ్డ తీసి అవతలి మంచె నుంచి జవాబు వచ్చేదాకా ఊపింది. అప్పుడు నా చెంప పగలగొట్టింది. నాకు ఒళ్లు మండి, నువ్వే కదా చూడొద్దన్నావని ఎదురు తిరిగాను.

"పంచాది గట్టు కాడ బిడ్డా. ఆడ నొప్పులు పడుతున్న పిల్ల నీకేం జేసింది?"

బిడ్డ అడ్డం తిరిగిందట. ఇంకాస్త ఆలస్యమైతే తల్లీబిడ్డా ఇద్దరూ దక్కేవారు కాదని మంత్రసాని తరువాత చెప్పింది. ఆ తల్లి మొహం నేను ఏనాడూ సూటిగా చూడలేకపోయాను.

ఇంత జరిగినా ఆ ఇంటివాళ్లు ఒక్క మంచి మాట అనలేదు సరికదా, ఆ వారమే గట్టురాయిని ఇంకో జానెడు జరిపారు. నాయనమ్మ వాళ్ల వాకిట్లోకి పోయి ఊరంతా వినేలా దులిపేసింది. దానికి ముందు మాత్రం బాలింతకు పాలు పడుతున్నాయా అని అడిగింది.

ఇప్పుడు ఆ చేల మీద విమానాలు దిగుతున్నాయి. అందరి చేతుల్లో సెల్‌ఫోన్లే. మొన్న నా మనవరాలు మోగుతున్న నా ఫోన్లో పేరు చూసి బోర్లా పెట్టేసింది. వాళ్లతో మనకు మాటల్లేవు కదా అంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. లాక్కుని ఎత్తాను. అందరూ బాగున్నారా, ఎవరికైనా ఆపదా అని అడిగాను. ఏం లేదు, బాగానే ఉన్నామన్నారు.

ఇక అప్పుడు మొదలుపెట్టాను తిట్టడం.